గుమ్మం మీద రెండు మేకులు

ఇంటిపేరు చెప్పండి చాలు, అది ఏ వాగు ఒడ్డున పుట్టిందో, ఎవరి పొయ్యి దగ్గర పెరిగిందో నేను చెప్పేస్తాను. జర్మనీలో మా మ్యూన్‌స్టర్ చుట్టుపక్కల ఈ విద్యలో నన్ను ఓడించిన మగాడు పుట్టలేదు. చర్చి ఫాదరుగారు ఓడిపోయారు. పోస్టుమాస్టరు ఓడిపోయాడు. పశువుల డాక్టరు పందెం కట్టి మరీ ఓడిపోయి, తన టోపీ నాకు వదిలి బోడితలతో వానలో ఇంటికెళ్ళాడు. అప్పట్నించీ ఆ టోపీ పెట్టుకునే ఊరంతా తిరిగేవాణ్ణి.

అంతటివాణ్ణి, ఆ బుధవారం మధ్యాహ్నం కీవిట్‌హోర్స్ట్ వాళ్ళ వాకిట్లో చేతిలో కుంచె పట్టుకుని వెర్రిమొహం వేశాను.

శనివారం పెళ్ళి. తోరణం సగానికి పైగా అల్లేశాం. దేవదారు రెమ్మలు వాకిలంతా పరిచి ఉన్నాయి. మా ఆవిడ ద్రూకె బల్ల మీద కాగితం గులాబీలు గుట్టగా పోసింది. తోరణం నడుమ వేలాడదీసే చిన్న చెక్క నా ఒళ్ళో ఉంది. ఇక దాని మీద పేరు రాయడమే తరువాయి.

"ఏం రాయమంటావురా క్లెమెన్స్?" అని అడిగాను. అడగడం నా పని. మా వైపు పెళ్ళింటి తోరణం పెళ్ళివాళ్ళు కట్టుకోరు, తొలి పొరుగువాడు దగ్గరుండి కట్టిస్తాడు. పురుడు పోస్తే ఊరికి చెప్పేదీ వాడే, శవం లేస్తే భుజం పట్టేదీ వాడే. ఆ ఇంటికి తొలి పొరుగువాణ్ణి నేను.

నేనడిగిన దానికి జవాబుగా లోపల కాఫీ కప్పు పగిలింది.

క్లెమెన్స్ గుమ్మంలోకి వచ్చాడు. ఆరడుగుల మనిషి. పోయిన వారం పిల్లలిద్దరూ రిజిస్ట్రారు దగ్గరికెళ్ళి వచ్చినప్పట్నించీ మొహం గంటుపెట్టుకునే ఉన్నాడు.

"ష్మిట్ అని రాయి" అన్నాడు. "పెళ్ళికొడుకు పేరదేగా."

"నాన్నా!" ఆల్మూత్ చేతిలో రెమ్మ పడేసి లేచింది. పెళ్ళికూతురు ఆమే. ఆ ఇంటికి మిగిలిన ఒక్క బిడ్డ. "రిజిస్ట్రారు దగ్గర చెప్పేశాం కదా. విల్ఫ్రీడ్ మన పేరు పెట్టుకుంటాడు. చట్టం ఒప్పుకుంది. రెండేళ్ళ నుంచీ ఒప్పుకుంటోంది."

"చట్టం రాసినోడు వచ్చి నా ఆవుల్ని పిండుతాడా? ఈ పేరు నాది. నేనివ్వను."

"ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసా? మొగుడికీ పెళ్ళానికీ ఒక్క పేరే ఉండాలంట. మాది కాదంటే ఆయనది. శనివారం పొద్దున ఆ కుర్చీలో కూర్చుని లేచేసరికి నేను ష్మిట్‌ని. దేశం మొత్తం మీద ఈ పేరున్నవాళ్ళం ముగ్గురం నాన్నా. అమ్మ పోయాక నాయనమ్మా, నువ్వూ, నేనూ. ఇంకెక్కడా లేరు."

"లేకపోతే లేకపోనీ."

ఆ మాటతో కత్తెరలు ఆగిపోయాయి. బల్ల చివర కూర్చున్న థెక్లా ముసలమ్మ, క్లెమెన్స్ తల్లి, ఒక్కతే తలెత్తకుండా ఎర్రకాగితం కత్తిరిస్తూ ఉంది.

విల్ఫ్రీడ్ కోళ్ళగూడు పక్కన నిలబడి ఉన్నాడు. ఊళ్ళో వడ్రంగి. చెవి వెనక పెన్సిలు పెట్టుకోవడం పెళ్ళి వారంలో కూడా మానలేదు.

క్లెమెన్స్ అతని వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఈ దేశంలో గుడ్డిగా రాయి విసిరితే ఎవడో ఒక ష్మిట్ బుర్ర పగులుతుంది. అంతమంది ఉన్నారు మీవాళ్ళు. నీ పేరు నీకు చాల్లేదా?"

"చాలకేం లెండి. ఆల్మూత్ అడిగింది. సరేనన్నాను."

"అడిగితే ఇచ్చేస్తావా పేరు? రేపు ఇంకోళ్ళు అడిగితే?"

"ఇంకోళ్ళు ఇంత గట్టిగా అడగరండీ" అన్నాడు.

ద్రూకె కిసుక్కున నవ్వింది. ఇదే అదునని నేను అందుకున్నాను. నలుగురూ నవ్వితే గొడవ చల్లారుతుందని నా ఆశ.

"ష్మిట్ అంటే తక్కువేం కాదురా క్లెమెన్స్. ఇనుము కాల్చి వంచిన కమ్మరి వంశం. వీడి ముత్తాత ఏ కొండ కింద కొలిమి పెట్టాడో నేను చెప్తా విను. వీడి ముంజేతులు చూడు. ఆ చేతులకి నిప్పురవ్వలు..."

"మా వంశంలో కమ్మరి లేడు తోన్నెగారూ" అన్నాడు విల్ఫ్రీడ్ మర్యాదగా.

"లేకపోవడమేంటి?"

"మా తాత పోలండు వైపు నుంచి బొగ్గుగనులకి కూలికొచ్చాడు. ఆయన అసలు పేరు పలకాలంటే మేస్త్రీకి నోరు తిరగలేదంట. పొద్దున గనిలోకి దిగినప్పుడు ఆ పేరు. సాయంత్రం పైకొచ్చేసరికి ష్మిట్. మా ఇంట్లో సుత్తి పట్టినోణ్ణి నేనొక్కణ్ణే, అదీ చెక్క మీద."

"టోపీ తీసెయ్" అంది ద్రూకె. "రేపు డాక్టరుగారికి ఇచ్చొస్తా."

తీసేశాను. నా విద్య అంతా మా చిత్తడి బురదలో కలిసింది. పోతే పోయింది, ఎండాకాలంలో ఆ టోపీ ఎలాగూ దురద. పైగా వాకిట్లో అందరూ నవ్వారు, ఆల్మూత్ కూడా.

క్లెమెన్స్ నవ్వలేదు.

"విన్నారుగా" అన్నాడు. "వీళ్ళ పేరు గనిలో దొరికింది. ఒక పూటలో వచ్చింది, ఇంకో పూటలో పోతుంది. మాది అలాంటిది కాదు. నాలుగొందల ఏళ్ళ నుంచి తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి వాడి కొడుక్కి, రక్తంలో నడిచిన పేరు."

"ఏ కొడుక్కిరా?"

కత్తెర ఆపకుండానే అడిగింది థెక్లా ముసలమ్మ.

"అమ్మా, నువ్వూరుకో."

"ఎనభై దాటినదాన్ని, ఇంకెన్నాళ్ళు ఊరుకోను? మీ నాన్న ఈ గేటు దాటినప్పుడు ఆయన పేరేంట్రా?"

ముసలమ్మే అందుకుంది.

"బ్రింక్‌మాన్. ఏటికి అవతల కౌలుదారు కొడుకు. ఒక పెట్టె, ఒక జత బూట్లు, అంతే. ఆయన చెయ్యి పట్టుకుని నేనే పొయ్యి చుట్టూ తిప్పాను. తిప్పి, పొయ్యి మీద కుండ వేలాడదీసే గొలుసు ఆయన చేత తాకించాను. అది ముట్టుకున్నాక బ్రింక్‌మాన్ లేడు, కీవిట్‌హోర్స్టే. ఊరు ఆ పొద్దే అలా పిలిచింది. కోర్టువాడే కాస్త ఆలస్యంగా ఒప్పుకున్నాడు. దానికి ముందు మా నాన్నా అంతే. ఆయనా అల్లుడిగా వచ్చినోడే."

విల్ఫ్రీడ్ చెవి వెనక పెన్సిలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అతనికీ సంగతి కొత్త.

"మరి రక్తం ఏదమ్మా?" అని నేనే అడిగాను.

"రక్తం సంగతి నువ్వడుగుతున్నావా అబద్ధాలకోరా? ఎవడో బిషప్పు మంచులో దారి తప్పాడనీ, మా ముత్తాతల్లో ఎవడో లాంతరు చూపిస్తే ఆయన గుర్రం మీద నుంచే ఈ పేరు ప్రసాదించాడనీ, సారా కొట్లో ఊదింది నువ్వు కాదూ?"

"గుర్రం కాదు, కంచరగాడిద" అన్నాను.

"ఏ బిషప్పూ ఇవ్వలేదు. చుట్టూ చిత్తడి, నడుమ ఇంత మెట్ట. తీతువులు గుడ్లు పెట్టుకునే దిబ్బ. ఆ పిట్ట కీవిట్ కీవిట్ అని అరిస్తే జనం దిబ్బకా పేరు పెట్టారు. దిబ్బ మీద ఎవడు పొయ్యి రాజేస్తే వాడికి దిబ్బ పేరు. మనం దాన్ని మోయలేదురా, అదే మనల్ని మోసింది. చలికాలం కోటు లాంటిది. ఎవడు కొట్టంలోకి పనికెళ్తే వాడు తొడుక్కుంటాడు."

ఇప్పుడు క్లెమెన్స్ నోరు పడిపోతుంది, తలవంచుకుని లోపలికెళ్తాడు అనుకున్నాను.

"నాకు తెలుసమ్మా" అన్నాడు.

"ఆఁ?"

"నాన్న బ్రింక్‌మాన్ అని నాకు తెలుసు. బళ్ళో పిల్లలందరూ చెప్పారు. ఈ తోన్నెగాడే మొదట చెప్పాడు."

"తెలిసీ రక్తం రక్తం అని..."

"ఇంకేం చెప్పమంటావ్?"

ఆ మాట అరవకుండా అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. మేమందరం, ఎవరూ చెప్పుకోకుండానే, గుమ్మం పైకి చూశాం.

ఆ ఇంటి పెద్దగుమ్మం దూలం మీద రెండు మేకులున్నాయి. మేకుల మధ్య ఒక బల్లచెక్క వెడల్పున కొయ్య కాస్త లేతగా ఉంటుంది, ఎండ తగలని ఒంటిలాగా. అక్కడ ఒకప్పుడు పేరుపలక ఉండేది. పాత ఓక్ చెక్క మీద తీతువు బొమ్మ, దాని కింద ఇంటిపేరు.

మా చిన్నప్పుడు కోటలో చివరి బారన్ దొర చచ్చిపోయాడు. మగబిడ్డ లేకుండా పోయాడు. గుంట దగ్గర ఆయన వంశం డాలు తెచ్చి, శవపేటిక మీద పగలగొట్టి, నేటితో సరి, ఇక ఎన్నటికీ లేదు అని అరిచారు. నేనూ క్లెమెన్సూ గోడెక్కి చూశాం. నేను ఆ రాత్రే మర్చిపోయాను. వాడు మర్చిపోలేదు.

ఏడేళ్ళ కింద క్లెమెన్స్ కొడుకు లుడ్గర్ పాలకేంద్రం మలుపులో మోటారుసైకిల్ మీద పోయాడు. మీసం సరిగ్గా రాని కుర్రాడు. పేటిక దించాక క్లెమెన్స్ ఇంటి పేరుపలక గుంట దగ్గరికి తెచ్చాడు. గొడ్డలి కూడా తెచ్చాడు. బారన్లు చేసే పని మా రైతుల్లో ఎవడూ చేయలేదు, అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ. వద్దు అందామని ఫాదరుగారు నోరు తెరిచి, క్లెమెన్స్ మొహం చూసి మూసుకున్నారు. పలక రెండుగా చీలింది, ఆ రెండు చెక్కలూ లుడ్గర్‌తోనే పోయాయి.

"ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను నాన్నా" అంది ఆల్మూత్.

క్లెమెన్స్ ఆమె వైపు చూడలేదు.

"బడికెళ్ళే పిల్లని. అన్నయ్య మఫ్లర్ చుట్టుకుని నీ పక్కనే నిలబడ్డాను. నువ్వు గొడ్డలెత్తి, నేటితో సరి, ఇక కీవిట్‌హోర్స్ట్ లేదు అన్నావ్. నేను నా చేతులు చూసుకున్నాను. ఉన్నాయి. కాళ్ళు చూసుకున్నాను. ఉన్నాయి. మరి నేనెవర్ని అనుకున్నా. ఇంతమంది ఉన్నారుగా, ఒక్కరైనా నావైపు తిరిగి, ఇదిగో ఇంకోటుంది అన్నారా? తోన్నె మావయ్యా, నువ్వన్నావా?"

నేను అనలేదు. ఒళ్ళో చెక్క మీద రంగు చుక్క పడితే బొటనవేలితో తుడిచాను.

"అమ్మాయీ, అది నీ గురించి కాదు" అన్నాడు క్లెమెన్స్. "ఈ పేరు నీతోనే ఆఖరని నేను వాడికి మాటిచ్చాను."

"అన్నయ్య అడిగాడా?"

"అడగలేకపోయాడు కాబట్టే ఇచ్చాను."

ద్రూకె ముక్కు చీదింది. క్లెమెన్స్ గుమ్మానికి చెయ్యి ఆనించి, మాటలు ఒక్కొక్కటిగా తీశాడు, ముల్లు తీసినట్టు.

"ఈ అబ్బాయి మంచోడే. నాకు వీడి మీద కోపం లేదు. రానీ, ఉండనీ, ఆవుల్ని చూసుకోనీ. కానీ పాలబండివాడు రోడ్డు మీద ఆగి, ఏమోయ్ కుర్ర కీవిట్‌హోర్స్ట్ అని పిలుస్తాడు. లుడ్గర్‌ని అలాగే పిలిచేవాడు. వాడు పిలిచినప్పుడల్లా నేను తలెత్తి చూస్తాను తల్లీ. నాకు తెలుసు, ప్రతిసారీ చూస్తాను. ప్రతిసారీ వీడు వస్తాడు."

థెక్లా ముసలమ్మ కత్తెర బల్ల మీద పెట్టేసింది.

మొదట మాట్లాడింది విల్ఫ్రీడ్. "అయితే నాకొద్దండీ. ష్మిట్‌గానే ఉంటాను. ఆల్మూత్, వదిలెయ్."

"నువ్వు వదిలెయ్. నీకు తాత నుంచీ అలవాటు." ఆ మాట అన్నందుకు వెంటనే నొచ్చుకుంది, కానీ ఆగలేదు. "నేను వదలను. శనివారం నేనొక్కదాన్నే వెళ్ళి రిజిస్ట్రారుకి పెళ్ళి లేదని చెప్పొస్తాను. పెళ్ళి లేకుండా ఈ ఇంట్లోనే, ఈ పేరుతోనే ముసలిదాన్నవుతాను. నేను పోయాక అప్పుడు పగలగొట్టుకోండి మీ పలక. అప్పటికి నిజంగానే ఎవరూ ఉండరు."

"పిచ్చిగా మాట్లాడకు" అన్నాడు విల్ఫ్రీడ్.

"పిచ్చా? అయితే అది కూడా చూపిస్తాను ఉండు."

గబగబా కొట్టంలోకి వెళ్ళింది. విల్ఫ్రీడ్ "ఆల్మూత్, వద్దు, ఇప్పుడొద్దు" అంటూ రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆమె గోనెగుడ్డ చుట్టిన బల్లచెక్క ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. కాగితం గులాబీలు సగం నేలపాలయ్యాయి. గుడ్డ లాగేసింది.

కొత్త ఓక్ చెక్క. నూనె వాసన ఇంకా పోలేదు. కింద ఇంటిపేరు, పైన తీతువు. వెనక రెండు కొక్కేలు, గుమ్మం మీది రెండు మేకులకి సరిపోయేంత ఎడంలో.

"పెళ్ళి రోజు నీకు చూపిద్దామనుకున్నాం" అంది. ఇప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. అది ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

క్లెమెన్స్ మెట్లు దిగి వచ్చాడు. పేరు చదవలేదు, చదవక్కర్లేదు. పిట్టని చూశాడు. వేలితో రెక్క తడిమాడు, తల తడిమాడు, తల వెనక కుచ్చులా లేచిన జుట్టు దగ్గర ఆగాడు.

"ఇంత పొడుగుండదు" అన్నాడు.

"ఏంటండీ?"

"జుట్టు. తీతువుకి జుట్టు ఇంత పొడుగుండదు. నువ్వెప్పుడైనా చూశావా ఆ పిట్టని?"

"లేదండీ" అన్నాడు విల్ఫ్రీడ్. "పుస్తకంలో బొమ్మ చూసి చెక్కాను."

"లుడ్గర్ కూడా ఇలాగే పొడుగ్గా వేసేవాడు. బడి పలక మీద సుద్దతో." వేలు మళ్ళీ ఆ జుట్టు కొసకి పోయింది. "చెప్తే వినేవాడు కాదు."

అప్పుడే దిబ్బ వెనక చిత్తడిలోంచి ఒక తీతువు అరిచింది. కీవిట్. మళ్ళీ, ఇంకొంచెం దూరంగా, కీవిట్. అందరం అటు తల తిప్పాం. తిప్పి, మళ్ళీ ఇటు చూసేసరికి పలక బల్ల మీద లేదు.

క్లెమెన్స్ దాన్ని చంకలో పెట్టుకుని కొట్టం వైపు నడుస్తున్నాడు.

"నాన్నా" అంది ఆల్మూత్. అతను వెనక్కి తిరగలేదు.

విల్ఫ్రీడ్ కదలబోతే థెక్లా ముసలమ్మ అతని చొక్కా పట్టుకుంది. "ఆగరా అబ్బాయ్. వాడి కొట్టం అది. ఇంకా వాడిదే."

లోపల ఏదో ఈడ్చిన చప్పుడు. క్లెమెన్స్ బయటికొచ్చాడు. భుజం మీద నిచ్చెన. చంకలో పలక. రెండో చేతిలో గొడ్డలి. అదే గొడ్డలి. పిడి మీద ఇనుప కట్టు నాకు గుర్తుంది, ఆ రోజు గుంట దగ్గర కట్టు ఎండకి మెరిసింది.

నిచ్చెన తెచ్చి పెద్దగుమ్మానికి ఆనించాడు. సగం అల్లిన తోరణం కాళ్ళకి అడ్డం పడితే బూటుతో పక్కకి నెట్టాడు, తొక్కకుండా.

మా ఊళ్ళో మేకు బిగించడానికి సుత్తి వెతికే రైతు లేడు. గొడ్డలి తిరగేసి వీపుతో కొడతాడు. గొడ్డలికి రెండు మొహాలు. ఒకటి చీలుస్తుంది, ఒకటి బిగిస్తుంది. ఆ నిచ్చెనెక్కుతున్న మనిషి ఏ మొహం ముందుకి పట్టుకున్నాడో కింద నుంచి చూసేవాళ్ళకి తెలియలేదు. ఎండ ఎదురుగా ఉంది.

పైన ఆ రెండు మేకుల ముందు ఆగాడు. పాత మేకు ఒకటి వేలితో కదిపాడు. వదులుగా ఉంది.

"తోన్నె" అన్నాడు, కిందికి చూడకుండా.

"చెప్పరా."

"ఆ చెక్క మీద ఏమీ రాయలేదుగా ఇంకా?"

"లేదు."

"ఆగు అయితే."

గొడ్డలి ఎత్తాడు. ఆల్మూత్ రెండు చేతులూ చెవులకి కప్పుకుంది, కళ్ళు మాత్రం మూసుకోలేదు.

ఇంతవరకూ చెప్పిందాంట్లో ఒక్కటి నేను కలిపాను. తీతువు అరవలేదు. చిత్తడికి కాలవలు తవ్వి మొక్కజొన్న వేసినప్పట్నించి మా దిబ్బ మీద ఆ పిట్ట లేదు. పేరు మిగిలింది గానీ పిట్ట పోయింది. ఆ నిశ్శబ్దం నేను భరించలేక అక్కడొక అరుపు పెట్టాను, అంతే.

గొడ్డలి మాత్రం నిజం.